గండిలో కార్తీక స్నానం

ఈ సంగతి జరిగి తొమ్మిదేళ్లయింది. ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదని అడుగుతారేమో. రాయడం రాదు కాబట్టి రాయలేదు. ఇంతకంటే గట్టి కారణం ఏ రచయిత దగ్గరా ఉండదనుకుంటాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. వచ్చాక ముందు రేషన్ కార్డు మీద నా పేరు చదువుకుని మురిసిపోయాను. తర్వాత బస్సుల బోర్డులు చదివాను. ఆ తర్వాత పురుగుమందు డబ్బా మీద ఏముందో చదివి, ఇన్నేళ్లూ దీన్నా నేను చేత్తో కలిపింది అనుకుని రెండు రోజులు అన్నం సయించక పడుకున్నాను.

ఈలోగా ఈ కథను ఊళ్లో నోటితో చెబుతూ వచ్చింది మా తోటికోడలు కోటమ్మ. ఆమె చెప్పిన ప్రతిసారీ అల ఒక మూర పెరిగింది, నా తెలివి ఒక మూర తగ్గింది. ఇప్పటికి అల తాటిచెట్టంత, నా తెలివి మిరపగింజంత అయ్యాయి. ఇంకా ఆలస్యం చేస్తే ఆ గింజ కూడా మిగలదని నోటుబుక్కు తీశాను. కంగారుపడకండి, చివర్లో ఇద్దరం బతికే ఉంటాం. కానీ మధ్యలో మాత్రం నేను మునగడానికి పోతూ, తోడుగా ఇంకో మనిషిని ముడేసుకుని మరీ పోయాను. ముడేసుకుని అంటే మాటవరసకు అన్నాననుకునేరు. నిజంగానే ముడి.

ముందు నా గర్వం గురించి చెప్పాలి. నీళ్ల విషయంలో మా ఊళ్లో నన్ను మించినవాళ్లు లేరని నా నమ్మకం. మాది పర్చూరు వైపు. సాగర్ కాలువ నీళ్లతో మిరప, పత్తి పండిస్తాం. కాలువ వదిలిన రోజున మా ఆయన గట్టు మీద కూర్చుని బీడీ తాగుతాడు, పార పట్టుకుని నీళ్లను బోదెల్లోకి తిప్పేది నేను. ఏ బోదెకు ఎంత పోతుంది, ఎక్కడ గట్టు నానింది, ఎక్కడ గండి పడబోతోంది, అన్నీ కాళ్లకే తెలుస్తాయి. చిన్నప్పుడే బెండు కట్టుకుని కాలువలో ఈత కూడా నేర్చుకున్నాను. అందుకని ఎవరైనా నీళ్ల దగ్గర నాకు జాగ్రత్తలు చెబితే, పూజారికి దణ్ణం పెట్టడం నేర్పుతున్నట్టు ఉండేది.

ఆ ఏడు కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానం చేయాలని నేనూ కోటమ్మా తెల్లారకముందే ఆటోలో బయల్దేరాం. ఆటో మా ఊరి బ్రహ్మయ్యది. మా ఆయనకంటే చిన్నవాడు, నన్ను వదినా అంటాడు. సూర్యుడు వచ్చేసరికి కొత్తపట్నం చేరాం. ఒడ్డంతా జనం. అరటి దొప్పలు, దీపాలు, మైకులో పాటలు. నీళ్లలో కర్రలు పాతి తాడు కట్టారు. తాడు అవతల గజ ఈతగాళ్లు మెడలో ఈలలు వేసుకుని నిలబడ్డారు.

నేను దణ్ణం పెట్టుకుని నాలుగడుగులు వేశానో లేదో, అందులో ఒకడు నన్ను చూసి ఈల వేశాడు.

"ఏమ్మా, తాడు దాటొద్దు! వెనక్కి రా!"

నేను ఆగిపోయాను. మోకాళ్ల లోతు కూడా లేదు.

"చూశావా కోటమ్మా? నా మీద ఈల వేశాడు! పెళ్లయి ముప్ఫై నాలుగేళ్లు, మా ఆయనే వేయలేదు."

"ఆయనకు ఈల వేయడం వస్తే కదక్కా," అంది కోటమ్మ. "ఇక్కడే మూడు మునకలు వేసి పోదాం రా."

"ఈ మురికిలోనా? వెయ్యి మంది మునిగిన నీళ్లలో మునిగితే పుణ్యం మనకొస్తుందా, వాళ్ల గజ్జి వస్తుందా?"

పుణ్యం సంగతి సాకు. ఆ ఈలకు నాకు ఒళ్లు మండింది. బ్రహ్మయ్యతో, "మనుషులు లేని చోటికి పోనివ్వు," అన్నాను. బ్రహ్మయ్య చెప్పినట్టు వింటాడు, అదే అతనిలో లోపం. సరుగుడు తోటల మధ్య మట్టి దారిన చాలాసేపు పోనిచ్చి, దారి ఇసుకలో అయిపోయిన చోట ఆపాడు. "వదినా, మీరు కానివ్వండి. నేనో కునుకు తీస్తా," అని కాళ్లు బయట పెట్టుకుని ఆటోలోనే పడుకున్నాడు.

ఆ ఒడ్డు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది. అటు చూస్తే ఇసుక, ఇటు చూస్తే ఇసుక, మధ్యలో మేము. ఇసుక మీద ఊదాపూల తీగ పాకి ఉంది. ఎర్ర పీతలు వందల కొద్దీ బయటికొచ్చి మమ్మల్ని చూడగానే పంచాయతీ వాళ్లను చూసిన బకాయిదారుల్లా బొరియల్లో దూరాయి. నీళ్ల అంచున గంజి గడ్డకట్టినట్టు ఏదో తెల్లగా మెరుస్తుంటే కాలితో తాకబోయాను.

"ఏయ్! దాన్ని తొక్కకు! కాలు మండి చస్తావ్!"

ఆ కేక వేసింది పోలమ్మ. పేరు తర్వాత తెలిసింది. ఇంచుమించు నా వయసు మనిషే. ఆ ఒడ్డునే గుడిసె, ఇసుక మీద నెత్తళ్ల చేపలు ఎండబెడుతోంది. నేను గంజి అనుకున్నది సముద్రంలో పుట్టే ఏదో ప్రాణి అట, దురదగుంటాకును మించిన మంట అట. నేను కాలు వెనక్కి తీసుకున్నాను గానీ, జాగ్రత్తలు చెప్పే మనిషి ఇక్కడ కూడా తగిలిందే అని మనసులో విసుక్కున్నాను.

"ఎక్కడి నుంచమ్మా?" అంది పోలమ్మ.

"పర్చూరు కాడి నుంచి. స్నానానికి వచ్చాం."

"ఇక్కడ దిగబాకండి. చెంబు తెచ్చారా? ఒడ్డున కూర్చుని పోసుకోండి."

"చెంబుతో పోసుకోవడానికి ఇంత దూరం రావాలా? మా ఇంట్లో బోరింగు ఉంది," అన్నాను. "నాకు నీళ్లు కొత్త కాదులే. నలభై ఏళ్లుగా నీళ్లు తిప్పుతున్నా."

పోలమ్మ నన్ను పై నుంచి కింది దాకా చూసింది. "ఇది నువ్వు తిప్పే నీళ్లు కాదు. నిన్ను తిప్పే నీళ్లు," అని మళ్లీ చేపల మీద వంగింది.

సరిగ్గా అక్కడే రెండు గుంజలకు ఒక ఎర్ర రేకు బోర్డు కట్టి ఉంది. దాని మీద తెల్లగా బారెడు అక్షరాలు. చదవడం నాకూ రాదు, కోటమ్మకూ రాదు. గుంజకు మాత్రం ఒక మేకు ఉంది. "ఎవరో పుణ్యాత్ములు, ఆడవాళ్లు బట్టలు తగిలించుకోవడానికి ఏర్పాటు చేశారు," అని పొడి చీరల సంచీ దానికి తగిలించాను. నన్ను దిగొద్దన్న బోర్డుకే నేను దిగడానికి సంచీ తగిలించానన్నమాట. నవ్వండి, ఫరవాలేదు. నేనూ నవ్వుతూనే రాస్తున్నాను.

అప్పుడు నేను సముద్రాన్ని పరిశీలించాను. పొలం గట్టు మీద నిలబడి చూసినట్టు నడుం మీద చేతులు పెట్టుకుని చూశాను. ఎడమ పక్క అలలు ఎత్తుగా లేచి తెల్లగా విరుగుతున్నాయి. కుడి పక్క కూడా అంతే. మధ్యలో మాత్రం మా వీధి వెడల్పున ఒక బాట, అక్కడ అల లేదు, నురగ లేదు. కాస్త మట్టి రంగు కలిసి, ఇస్త్రీ చేసినట్టు నున్నగా ఉంది.

"కోటమ్మా, అదిగో! చూశావా కాలువలా ఎంత నెమ్మదిగా ఉందో? వాళ్లు తాళ్లు కట్టుకుంటారు, ఈలలు వేసుకుంటారు గానీ, అల లేని చోట దిగాలన్న తెలివి లేదు."

"అక్కడ మాత్రమే ఎందుకు లేదక్కా అల?"

మంచి ప్రశ్న. ఆ రోజు మా ఇద్దరిలో ఎవరైనా వేసిన మంచి ప్రశ్న అదొక్కటే. దానికి నేను, "నోర్మూసుకుని కొంగు ఇటివ్వు," అన్నాను.

పుష్కరాలకు పోయినప్పుడు తప్పిపోకుండా ఆడవాళ్లు కొంగూ కొంగూ ముడేసుకోవడం మా వైపు అలవాటు. నేను ఇంకాస్త గట్టి పని చేశాను. మిరపకాయల టిక్కీ, అంటే గోనె బస్తా, కుట్టే ముందు మూతి బిగించి ఒక ముడి వేస్తాం. లోపలి కాయ ఎంత తన్నితే ఆ ముడి అంత బిగుస్తుంది. యార్డులో హమాలీలు టిక్కీలను ఎత్తి విసిరేసినా ఊడదు. ఆ ముడిని నా కొంగుకూ కోటమ్మ కొంగుకూ వేశాను.

"ఇది ఊడిందంటే నా పేరు అంజమ్మ కాదు," అన్నాను.

ఇద్దరం ఆ నున్నటి బాటలోకి దిగాం. మోకాళ్ల దాకా హాయిగానే ఉంది. నడుం దాకా వచ్చేసరికి కాళ్ల కింద ఇసుక జారిపోవడం మొదలైంది, ఎవరో చాప లాగేస్తున్నట్టు. ఇంకో అడుగు వేశాను. ఆ అడుగుకు కింద నేల లేదు. ఉన్నట్టుండి గోతిలో పడ్డట్టు గొంతు దాకా మునిగాను. పోన్లే ఈత వచ్చు కదా అని రెండు బారలు వేసి తల తిప్పి చూస్తే, ఒడ్డు వెనక్కి పోతోంది. ఒడ్డు ఎందుకు పోతుంది, నేనే పోతున్నాను. నా పక్కనే ఒక నురగ ముద్ద కూడా పోతోంది, ఇద్దరం ఒకే బస్సు ఎక్కినట్టు.

కొంగు బిగిసింది. వెనక నడుం లోతులో ఉన్న కోటమ్మ, "అక్కా, ఎక్కడికి పోతున్నావ్?" అని అరిచింది.

"పోవట్లేదే! తీసుకుపోతోంది!"

అంతే, ముడి పుణ్యమా అని ఆమె కాళ్లు కూడా లేచాయి. కోటమ్మది బావి ఈత. నిలువుగా తేలుతుంది గానీ ముందుకు పోదు. ఇద్దరం ఒడ్డు వైపు తిరిగి చేతులు బాదాం. ఎంత బాదినా నీళ్లలో తిరగలి తిప్పినట్టే ఉంది. చీరలు నానబెట్టిన గోనెల్లా బరువెక్కాయి. ఒడ్డున బోర్డుకు వేలాడుతున్న మా సంచీ గుప్పెడంత అయింది.

అప్పుడు భయం వేసింది. ఇప్పటిదాకా వెటకారంగా రాశాను గానీ, ఈ నాలుగు ముక్కలూ వెటకారం లేకుండా రాస్తాను. కోటమ్మ నోట్లోకి నీళ్లు పోయి దగ్గుతోంది. ఆమెను ఇంట్లో నుంచి లేపి తెచ్చింది నేను. జనంలో నుంచి ఇక్కడికి తెచ్చింది నేను. ముడి వేసింది నేను. నేను పోతే నా గర్వానికి పోయినట్టు, ఆమె ఎందుకు పోవాలి? చేతులు ఆపి ముడి పట్టుకున్నాను. విప్పుదామని లాగాను. లాగితే బిగిసింది. పళ్లతో పట్టి లాగాను. ఇంకా బిగిసింది. నలభై ఏళ్లలో నా చేతి ముడిని మొదటిసారి తిట్టుకున్నాను.

"ఏం చేస్తున్నావ్ అక్కా?"

"విప్పుతున్నా! నువ్వు తేలికగా ఉంటే ఒడ్డుకు పోతావ్!"

"ముడి మీద చెయ్యి పడిందంటే చంపుతా!"

"పిచ్చిదానా, ఇద్దరం పోతామే!"

"బీరువా తాళాలు నీ బొడ్లో ఉన్నాయి! నా రెండు పట్టుచీరలూ అందులోనే ఉన్నాయి! నువ్వు పోతే నేనేం కట్టుకోను?"

చూడండి, ప్రాణం పోయే వేళ మనిషికి ఏం గుర్తొస్తుందో! నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి ఇంకో గుక్క ఉప్పునీళ్లు తాగాను.

అప్పుడు కనిపించింది పోలమ్మ. చేపల తట్ట గాల్లో ఊపుతూ ఒడ్డు వెంట పరిగెత్తుతోంది. గాలికి మాట తునకలు తునకలుగా వస్తోంది.

"ఒడ్డుకు రాబాకండి! ఒడ్డుకు రాబాకండి!"

"విన్నావా?" అన్నాను కోటమ్మతో. "ఒడ్డుకు రావద్దంటోంది! చెప్పిన మాట వినలేదని పగబట్టింది!"

"లేకపోతే మన మెడలో బంగారం కోసమేమో," అంది కోటమ్మ దగ్గుతూ.

"మన మెడలో పసుపుతాడే కదే ఉంది!"

"అది ఆవిడకు తెలియదుగా!"

పోలమ్మ ఆగలేదు. ఎడమ పక్కకు, అలలు విరిగే చోటికి, తట్ట చూపిస్తూ గొంతు చించుకుంది. "పక్కకు! అడ్డంగా పోండే, అడ్డంగా! మొండి ముండల్లారా!"

ఆ తిట్టు విని నాకు ధైర్యం వచ్చింది. పగబట్టిన మనిషి అంత ప్రేమగా తిట్టదు. ఆమె తట్ట చూపిన వైపు చూశాను. ఎడమ నుంచి అలలు ఒడ్డుకు పోతున్నాయి, కుడి నుంచీ పోతున్నాయి. పోయిన నీళ్లు అక్కడే ఉండవు కదా. రెండు పక్కల నుంచీ ఒడ్డు వెంబడే మధ్యకు చేరి, మేమున్న ఈ సన్నటి దారిన మళ్లీ సముద్రంలోకి పరిగెత్తుతున్నాయి.

నా బుర్రలో మా చేను కనిపించింది. పైనుంచి నీళ్లు ఎక్కువైతే మడి నిండి, గట్టు మెత్తగా ఉన్న చోట తెగి, మడిలో నీళ్లన్నీ అక్కడి నుంచే పోతాయి. పైకి నున్నగానే ఉంటుంది, పెట్టిన కాలును లాగేసుకుంటుంది. దానికి ఎదురు నిలబడి ఎవడూ గెలవలేదు. అప్పుడు మేం ఏం చేస్తాం? పక్కనున్న గట్టు ఎక్కుతాం.

"కోటమ్మా! ఇది కాలువ కాదే! గండి! మనం గండిలో దిగాం!"

"ఇప్పుడా చెప్పేది!"

"ఒడ్డును చూడకు! పక్కకు కొట్టు! అలలున్న వైపు! అదే గట్టు!"

ఒడ్డును చూడకుండా పక్కకు పోవడం ఎంత కష్టమో మీకు రాసి చెప్పలేను. ఒళ్లంతా ఒడ్డు కావాలంటుంది. అయినా తల తిప్పుకుని కొట్టాం. నేను రెండు బారలు వేసి ఆగుతాను, కొంగు బిగిసి కోటమ్మ వస్తుంది, మళ్లీ రెండు బారలు. కాడి వదలని ఎద్దుల్లా పోయాం. ఎంతసేపు కొట్టామో తెలియదు. ఉన్నట్టుండి లాగుడు తగ్గింది. నీళ్లు వదులయ్యాయి. నా బొటనవేలికి ఇసుక తగిలింది.

ఇసుక తగలగానే వెనక నుంచి అల వచ్చింది. ఏ అలలు వద్దనుకుని నేను నున్నటి చోట దిగానో ఆ అలే మమ్మల్ని ఎత్తింది. లారీ మీద నుంచి టిక్కీలు దింపినట్టు ఒకరి మీద ఒకరిని దబదబా ఇసుకలో దింపింది. కోటమ్మ నా నడుం మీద పడింది. అంత హాయైన నొప్పి నేను జన్మలో ఎరగను.

పోలమ్మ మమ్మల్ని ఇంకాస్త పైకి ఈడ్చి, ముందు వీపుల మీద చరిచింది, తర్వాత వరసపెట్టి తిట్టింది, తర్వాత గుడిసెలోకి పోయి టీ పెట్టి తెచ్చింది. ఆ టీలో చేపల వాసన. నేను గ్లాసు అడుగు నాకినంత పని చేశాను.

"అల విరిగే చోట అడుగున ఇసుక తిన్నె ఉంటుంది, నిలబడొచ్చు," అంది పోలమ్మ. "నున్నగా ఉన్న చోట తిన్నె తెగి ఉంటుంది. లోపలికి లాగేది అదే. అందరూ నీలాగే చూసుకుని చూసుకుని అక్కడే దిగుతారు."

"అందరూ దిగుతారా?" అన్నాను, కాస్త ఊరటగా.

"నీ అంత వాదించి ఎవరూ దిగలేదులే."

అప్పుడు సంచీ కోసం బోర్డు దగ్గరికి పోయాం, ముడి ఊడలేదు కాబట్టి ఇద్దరం కలిసే. బ్రహ్మయ్య అప్పుడే లేచి ఒళ్లు విరుచుకుంటూ వచ్చి మమ్మల్ని చూశాడు.

"ఏంటి వదినా, ఇద్దరూ కొంగుముడితో వస్తున్నారు? పెళ్లికొడుకు ఎవరు?"

"నువ్వు చదువుకున్నావు కదా బ్రహ్మయ్యా," అంది కోటమ్మ పళ్లు కొరుకుతూ. "ఆ బోర్డు మీద ఏముందో చదువు."

బ్రహ్మయ్య కళ్లు నులుముకుని పెద్దగా చదివాడు. "ప్రమాదం. ఇక్కడ స్నానం చేయరాదు. నున్నగా కనిపించే నీరు సముద్రంలోకి లాగును." చదివి, "అయ్యో, మీరు దిగలేదు కదా?" అన్నాడు.

కోటమ్మ జవాబు ఇక్కడ రాయలేను. అక్షరాలు వచ్చినంత మాత్రాన అన్ని మాటలూ రాయకూడదు.

నేను సిగ్గుతో పోలమ్మ వైపు తిరిగాను. "మాకు చదువు రాదమ్మా. బోర్డు చదవడం వచ్చుంటే నీ మాట వినేదాన్ని."

"నాకు మాత్రం వచ్చా?" అంది పోలమ్మ. "ఇన్నాళ్లూ అది ఓట్ల బోర్డనుకున్నా."

సరుగుడు చెట్ల చాటున పొడి చీరలు కట్టుకుని, తడి చీరలు ముడితోనే మూట కట్టాం. దారిలో కోటమ్మా నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. ఇంట్లో ఎవరికీ ఒక్క ముక్క చెప్పకూడదు. బ్రహ్మయ్య చేత కూడా ఒట్టు వేయించాం. పొద్దు వాలకముందే ఇల్లు చేరాం. మా ఆయన, "స్నానం బాగా జరిగిందా?" అని అడిగితే, "బ్రహ్మాండంగా మునిగాం," అన్నాను. అది అబద్ధం కాదు.

మర్నాడు పొద్దున్నే నేను లేచి వాకిట్లోకి వచ్చేసరికి వీధిలో ఆడవాళ్లు పది మంది మా దడి దగ్గర చేరి నోళ్లు తెరిచి చూస్తున్నారు. మాదీ కోటమ్మదీ ఒకటే దొడ్డి. కోటమ్మ చీరలు జాడించి, రెండూ ముడితోనే దొడ్డి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే చీరలా ఆరేసింది. దాచాల్సిన రహస్యాన్ని పన్నెండు గజాల పొడవున గాలికి ఎగరేసింది.

"ఏంటే ఇది?" అన్నాను.

"ముడి ఊడలేదక్కా. ఉప్పు పట్టిన చీరలు తడిపి ఆరేయకపోతే పాడైపోవూ?" అంది, పళ్లు తోముకుంటూ.

ఇక చెప్పక తప్పలేదు. ఆ పది మంది ముందు ఆ ముడి మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇక మీదట నేను ఏ నీళ్లలో కాలు పెట్టినా, ఆ నీళ్ల పక్కన బతికే మనిషిని అడిగి, ఆ మనిషి సరేనంటేనే పెడతానని. అది సముద్రమైనా, కాలువైనా, కోటమ్మ కళ్లాపి బకెట్ అయినా సరేనని. ఎవరైనా ఈల వేస్తే తిరిగి దణ్ణం పెడతానని.

ప్రమాణం అయ్యాక ముడి విప్పడానికి కూర్చున్నాను. లాగాను, పళ్లతో పీకాను, కాలితో తొక్కిపట్టి మరీ లాగాను. కదిలితేనా.

కోటమ్మ నోట్లో వేపపుల్ల పక్కకు తీసి అంది.

"అడ్డంగా లాగక్కా."

అడ్డంగా లాగాను. ఒక్క లాగుకే ఊడింది.